ఎఱ్ఱ లాంతరు క్రింద

కృష్ణాజిల్లా నుండి ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాసినారు. ఆమె కుమారుడు జపాను దేశమున, తోక్యో నగరములో, ఒక కంప్యూటరు సంస్థలో ఇంజినీరు. శుక్రవారము రాత్రి ఆమె ఫోను చేసినపుడెల్ల "అమ్మా, ఇజకాయాలో ఉన్నాను, తరువాత మాట్లాడతాను" అని పెట్టివేయుచున్నాడట. ఇజకాయా అనగా ఏమని ఆమె ఇరుగుపొరుగువారిని అడిగినారు. ఒకరు సారాదుకాణమని చెప్పిరి. మరియొకరు హోటలని చెప్పిరి. "దేశదేశాల సంగతులు చెప్పేవారు మీరు. అది ఎటువంటి చోటో, మా అబ్బాయి అక్కడికి పోవచ్చునో కూడదో ఒకసారి రేడియోలో చెప్పరాదా?" అని ఆ ఉత్తరములోని ప్రశ్న. దానికి సమాధానముగా చేసిన ప్రసంగమును కొంత పెంచి ఇచ్చట ప్రచురించుచున్నాము.

ముందు పేరు సంగతి. ఇజకాయా అను మాటను విడదీసినచో మూడు ముక్కలగును. 'ఇ' అనగా ఉండుట, కూర్చుండుట. 'సక' అనునది 'సాకే' అను మాటకు రూపాంతరము. సాకే అనగా బియ్యముతో చేయు మద్యము. 'యా' అనగా దుకాణము. కొన్న మద్యమును ఇంటికి తీసికొనిపోక అక్కడనే కూర్చుండి త్రాగు దుకాణమని మొత్తము మీద అర్థము. కనుక సారాదుకాణమన్న పొరుగువారిది తప్పనలేము. హోటలన్నవారిదియు తప్పనలేము, ఇజకాయాకు పోయి ఏమియు తినకుండ వచ్చువారు లేరు. తెలంగాణమున కల్లు కాంపౌండులో సీసా ముందు గుడాలు పెట్టుకొని సాయంకాలము గడుపువారిని చూచినవారికి కొంత పోలిక తోచవచ్చును. కాని అచ్చట తిండి త్రాగుడునకు తోడుగా వచ్చినది. ఇజకాయాలో ఏది దేనికి తోడో తేల్చుట కష్టము.

మేము చూచినది చెప్పుదుము. 2019 అక్టోబరులో మేము తోక్యోలో కొన్ని దినములుంటిమి. ఆ నగరము తూర్పుభాగమున, ఎదొగవా వార్డులో, నిషికసాయి అను పేట కలదు. 2000 సంవత్సర ప్రాంతము నుండి భారతీయ కంప్యూటరు నిపుణులు ఎందరో అక్కడ కాపురము పెట్టినందున నేడు ఆ వీధులలో తెలుగు మాట వినబడుట వింత కాదు. మా అక్కగారి కుమారుడు ఆ చుట్టుప్రక్కలనే ఒక చిన్న గదిలో ఒంటరిగా ఉండెను. ఒకనాటి సాయంకాలము అతడు మమ్ము రైలుస్టేషను వెనుక సందులోనికి తీసికొనిపోయెను. ఆ సందులో ఒక వాకిట ఎఱ్ఱని కాగితపు లాంతరు వెలుగుచుండెను. దీనిని 'అకచోచిన్' అందురు. చవుకగా, ఆడంబరము లేకుండ నడచు ఇజకాయాకు అదియే గుర్తు. ఆ మాటయే అట్టి దుకాణమునకు మారుపేరుగా కూడ వాడుకలోనున్నది. ద్వారమునకు అడ్డముగా చీలికలు గల గుడ్డతెర ఒకటి వ్రేలాడుచుండెను. దాని పేరు 'నోరెన్'. తెర బయట వ్రేలాడుచున్నచో దుకాణము తెరచియున్నట్లు. రాత్రి దానిని తీసి లోపల పెట్టినచో ఇక ఎవరును తలుపు తట్టరాదు.

"మామయ్యా, కొంచెం తల వంచండి" అని మా మేనల్లుడు హెచ్చరించెను. తెర తొలగించి, ప్రక్కకు జరుగు తలుపును జరిపి లోనికి పోగానే "ఇరషైమసే!" అని ఒక కేక వినవచ్చెను. దయచేయుడని అర్థము. కేక వేసినది అరువది అయిదేండ్లు పైబడిన యజమాని. అతని భార్య గిన్నెలు కడుగుచుండెను. ఆ దంపతులే దుకాణమునకంతకు సిబ్బంది. పొడవైన చెక్కబల్ల, దాని ముందు ఎనిమిది కుర్చీలు. గోడవారగా చాప పరచిన అరుగుపై రెండు పొట్టిబల్లలు. అంతకు మించి చోటు లేదు. బల్లకు ఆవలివైపున బొగ్గుల కుంపటి, దానిపై వెదురుపుల్లలకు గ్రుచ్చిన కోడిమాంసపు ముక్కలు కాలుచుండెను. వీనినే 'యకితోరి' అందురు. గోడ నిండ పొడవైన కాగితపు చీటీలపై పదార్థముల పేర్లు చేతితో వ్రాసి అంటించియుండెను. ఆ నెల మొదటి తేదీననే జపానులో వినియోగపు పన్ను నూటికి 8 నుండి 10 కి పెరిగినది. అందువలన కొన్ని చీటీలపై పాత ధర కొట్టివేసి క్రొత్తది వ్రాసిరి. కొన్నింటిపై పాతదే యుండెను. తీరిక లేకనో, మనసొప్పకనో మేమడుగలేదు.

కూర్చుండగానే వేడి నీటిలో తడిపి పిండిన తువాలు చెరియొకటి ఇచ్చిరి. దానితో చేతులు తుడుచుకొనవలెను. ముఖము తుడుచుకొనుట మర్యాద కాదని మా మేనల్లుడు చెవిలో చెప్పెను. అప్పటికే ఆలస్యమైనది.

తరువాత మేము అడుగకుండగనే చిన్న చిప్పలలో ఏదో తెచ్చి పెట్టిరి. దీనిని 'ఒతోషి' అందురు. ఓసాకా వైపున దీనికే 'త్సుకిదషి' అని పేరు. ఇది ఉచితము కాదు. సామాన్యముగా 300 నుండి 500 యెన్నుల వరకు లెక్కలో చేరును. అడుగని దానికి వెల కట్టుటేమని విదేశీయులు అనేకులు తగవులాడుదురు. మనవారికి కూడ ఇది మొదట మింగుడు పడదు. మా అభిప్రాయములో ఇది కూర్చున్న చోటునకు అద్దె. ఎనిమిది కుర్చీల దుకాణములో ఒక కుర్చీని రెండు గంటలు మన వశము చేయుచున్నారు. ఆ అద్దెను నాణెముగా అడుగక, తినదగిన రూపమున చేతికిచ్చి అడుగుచున్నారు. సేవకులకు బహుమానమిచ్చు ఆచారము జపానులో సామాన్యముగా లేదు. దానిని తలచుకొన్నచో ఒతోషి అంత భారముగా తోచదు.

ఇక తినుట ఎట్లనగా, మన విస్తరిలో పప్పు, కూర, పులుసు, మజ్జిగ అను వరుస యున్నది. ఇజకాయాలో వరుస లేదు. రెండు మూడు పదార్థములు చెప్పుదురు; ఏది ముందు సిద్ధమైన అది ముందు వచ్చును. అది బల్ల నడుమ పెట్టి అందరును పంచుకొందురు. అది కానిచ్చి మరి రెండు చెప్పుదురు. ఉప్పునీట ఉడికించిన పచ్చి సోయాకాయలు, చల్లని తోఫు ముద్ద, ఉడికించిన ఆలుగడ్డను మెదిపి చేసిన సలాదు, వేయించిన కోడిముక్కలు, ఆనాడు చేపలబజారులో దొరికిన పచ్చిచేప, ఊరవేసిన కూరగాయలు: ఇవి ఏ పేటలోనైనను కనబడును. అన్నము మాత్రము మొదట రాదు. సాకే బియ్యము నుండి వచ్చినదే కనుక దానితో అన్నమేమిటని పాతకాలపువారి వాదము. లేవబోవు ముందు ఒక అన్నపుముద్దయో, వేడి తేనీరు పోసిన అన్నమో తిని ముగింతురు. దీనికి 'షిమే', అనగా కట్టివేయుట, అని పేరు. మజ్జిగ అన్నముతో ముగించు మనకు ఇది వెంటనే అర్థమగును.

ఇచ్చట మా కష్టము చెప్పవలెను. మేము శాకాహారులము, మేనల్లుడును అంతే. జపానులో శాకాహారికి శత్రువు మాంసము కాదు, మాంసము కంటికి కనబడును. శత్రువు 'దషి'. దషి అనగా రసము. 'కొంబు' అను సముద్రపు నాచును, 'కత్సువొబుషి' అను ఎండబెట్టి పొగపట్టించిన చేప తురుమును నీళ్ళలో నానబెట్టి లేక కాచి వడకట్టిన నీరు అది. మనకు చింతపండు రసమెట్లో వారికి దషి అట్లు. కూరలో, పులుసులో, గుడ్డు అట్టులో, తోఫుపై పోయు నీటిలో అంతటను ఉండును. వంకాయ వంటకమని చెప్పి తెచ్చిన దానిలో వంకాయయే కనబడును, చేప కనబడదు. ఈ రుచి యొక్క రహస్యమును 1908 లో ఇకెదా కికునాయె అను రసాయనశాస్త్రజ్ఞుడు కొంబు నుండి వేరుచేసి చూపెను. అది గ్లుటామేటు అను పదార్థమని తేలెను. నేడు మన ఊళ్ళలో నూడుల్సు బండ్లపై 'అజినోమోటో' అని పిలుచు తెల్లని పొడి ఆ పరిశోధన ఫలమే. కొంబు ఒక్కటే యైనచో మనకు చిక్కు లేదు. బౌద్ధ భిక్షువుల మఠములలో దానితోనే వండుదురు. చేప కలసినపుడే చిక్కు.

మా మేనల్లుడు తోక్యో చేరిన మొదటి రెండేండ్లు ఈ కారణముననే ఆ ఎఱ్ఱ లాంతరును ప్రతిదినము దాటిపోయెనే గాని లోనికి పోలేదట. సహోద్యోగులు రమ్మన్నపుడు తలనొప్పియని చెప్పెడివాడట. "గదికి వెళ్ళి అన్నం, పెరుగు, మీ ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి. తలుపు వేస్తే మళ్ళీ ఉదయం దాకా మనిషి గొంతు ఉండదు, మామయ్యా" అని అతడు చెప్పినపుడు మేమేమియు పలుకలేదు. ఒకనాడు వాన వచ్చి ఆ వాకిట నిలబడినందున యజమానియే లోనికి పిలిచెనట. తాను చేపగాని, చేపరసముగాని తిననని వచ్చీరాని జపాను భాషలో చెప్పగా ఆ పెద్దాయన కొంతసేపు గోడవైపు చూచి, చీటీలను ఒక్కొక్కటిగా చదివి, ఇది తగదు, ఇది తగదు అని తల యూపుచు చివరకు నాలుగింటిని ఏరెనట.

మేము పోయిననాడును అట్లే జరిగెను. ఒతోషిగా పెట్టిన చిప్పలను, అందులో దషి యున్నదని, తానే వెనుకకు తీసికొని దోసకాయ ముక్కలు ఉప్పు అద్ది తెచ్చెను. తోఫు పై చేప తురుము చల్లక అల్లము, ఉల్లికాడలు వేసెను. కోడి కాల్చిన కుంపటిపై మా కూరలు కాల్చుట మాకిష్టముండదని, మట్టితో చేసిన చిన్న కుంపటి ఒకటి వేరుగా వెలిగించి, దానిపై వంకాయలను, 'షిషితో' అను పచ్చమిరపకాయలను కాల్చి ఉప్పు చల్లెను. షిషితోలో కారముండదు, పదింటిలో ఒకటి మాత్రము కారముగా తగులునని జపానీయులు నవ్వుచు చెప్పుకొందురు. మా వంతుకు ఆ ఒకటి వచ్చినదట. బల్ల చివర కూర్చున్న ముసలివారొకరు మా ముఖము చూచి జాలిపడిరి గాని, గుంటూరు మిరప తిని పెరిగిన నాలుకకు అది ఏ మూలకు? చివరకు ఊరవేసిన పుల్లని పండు నడుమ పెట్టిన అన్నపుముద్దలు తింటిమి. ఆ పండు ఉప్పులో ఊరిన ఉసిరికాయకు దగ్గర చుట్టము.

త్రాగుట మాట దాటవేయుచున్నామని ఉత్తరము వ్రాసిన తల్లి అనుకొనవచ్చును. మేము మద్యము ముట్టము; ఊలాంగ్ అను చల్లని తేనీరు చెప్పితిమి. ఆ తేనీరు ప్రతి ఇజకాయాలోను ఉండును. అది చెప్పినవానిని ఎవరును వింతగా చూడరు. మా మేనల్లుడు మాత్రము "మామయ్యా, ఏమీ అనుకోకండి" అని ఒక గ్లాసు బీరు చెప్పెను. ఈ ప్రసంగము వచ్చు వేళకు మా అక్కగారు నిద్రించియుందురను ధైర్యముతో ఈ సంగతి బయటపెట్టినాము.

సాకేను గూర్చి రెండు మాటలు. ద్రాక్షలో చక్కెర యున్నది కనుక రసము తీసి ఊరక ఉంచినను పులియును. బియ్యములో చక్కెర లేదు, పిండి మాత్రమే యున్నది. ఉడికిన బియ్యముపై 'కోజి' అను ఒక జాతి బూజును పెంచినచో అది పిండిని చక్కెరగా మార్చును. అదే తొట్టిలో, అదే కాలమున, మరియొక సూక్ష్మజీవి, మనము ఈస్టు అనునది, ఆ చక్కెరను ఆల్కహాలుగా మార్చును. రెండు పనులును ఒకేచోట కలసి జరుగుటచే బీరులో నూటికి 5 వంతులుండు ఆల్కహాలు సాకేలో సుమారు 15 వంతులుండును. దీనిని వేడిచేసియు, చల్లగాను ఇత్తురు. పాతకొలత ప్రకారము ఒక 'గో' అనగా 180 మిల్లీలీటర్లు. సోయా సాసు, మీసో అను పప్పుముద్ద పులియుటకును కోజియే ఆధారము. ఈ బూజుతో మద్యము తయారుచేయు పరంపరాగత విద్యను 2024 డిసెంబరులో యునెస్కో మానవజాతి సంస్కృతి సంపదల జాబితాలో చేర్చినది.

ఇట్టి దుకాణము ఎందుకు పుట్టెననుటయే మాకు అన్నింటికంటె ముఖ్యముగా తోచినది. తోక్యోకు పూర్వము ఎదో అని పేరు. అచ్చట 1596 లో స్థాపితమైన తొషిమాయా అను సాకే దుకాణము సరకును దాదాపు కొన్న వెలకే అమ్మి, ఖాళీ పీపాలను అమ్ముకొని లాభము గడించెనని చెప్పుదురు. కొనవచ్చినవారు అక్కడనే నిలబడి త్రాగుచుండగా తోఫు ముక్కలను మీసో పూసి కాల్చి ఇచ్చెడివారు. 1635 నుండి దేశములోని ప్రభువులు ఏడాది విడిచి ఏడాది ఎదోలో ఉండవలెనని షోగును ఆజ్ఞ యుండెను. వారి వెంట వచ్చిన బంటులు భార్యాబిడ్డలను ఊళ్ళలో విడిచి వచ్చినవారు. 1657 లో గొప్ప అగ్నిప్రమాదము సంభవించి ఎదోలో అధికభాగము బూడిదయ్యెను. దానిని తిరిగి కట్టుటకు దేశపు నలుమూలల నుండి వడ్రంగులు, కూలీలు వచ్చిరి. వారును ఒంటరివారే. వండిపెట్టువారు లేని మగవారితో ఊరు నిండిపోయెను. ఇరుకుగదులలో పొయ్యి పెట్టుటకు చోటు లేదు. నిప్పన్న భయము సరేసరి. సాకే అమ్మువాడు కూర వండుట నేర్చెను; కూర అమ్ముకొనువాడు సాకే పెట్టెను. 1811 లో లెక్క తీయగా ఎదోలో అట్టి దుకాణములు 1,808 ఉండెను.

ఆ తల్లికి మేము చెప్పదలచినది ఇదియే. ఇజకాయా మొదటి నుండియు ఇల్లు దూరమైనవారి కొరకు ఏర్పడిన చోటు. మూడువందల యేండ్ల క్రిందటి వడ్రంగికిని, నేటి కంప్యూటరు ఇంజినీరునకును ఆ కుర్చీ అవసరమగుటకు కారణము ఒక్కటే. నేడు ఒంటరివారు విదేశీయులు మాత్రమే కారు. 2020 జనాభా లెక్కల ప్రకారము జపానులో నూటికి 38 కుటుంబములు ఒక్క మనిషితో కూడినవి. మేము కూర్చున్ననాడు ఆ ఎనిమిది కుర్చీలలో అయిదింట ఒంటరిగా వచ్చినవారే యుండిరి. వారు ఒకరితో నొకరు ఎక్కువగా మాటలాడలేదు. ఒకరు బేస్‌బాలు ఆట ఫలితము చెప్పిరి, మరియొకరు ఊఁకొట్టిరి. షిషితోను చూచి జాలిపడిన ముసలివారు మూడు దినములు రాకపోయినచో యజమాని భార్య ఫోను చేసి అడుగునని మా మేనల్లుడు చెప్పెను.

అట్లని ఆమె భయమునకు ఆధారమే లేదని మేము చెప్పజాలము. భయపడదగినది ఈ చిన్న దుకాణము కాదు, కార్యాలయపు విందు. ఆ విందులును తరచుగా ఇజకాయాలలోనే జరుగును, ముఖ్యముగా డిసెంబరులో. పెద్ద దుకాణములలో ఇంత సొమ్మిచ్చినచో గంటన్నరయో, రెండు గంటలో ఎంత త్రాగినను సరే అను ఏర్పాటు కలదు. అది మాకు ఏమాత్రము నచ్చలేదు. లెక్క లేనిచోట చేయి ఆగదు. ఎవరి పాత్ర వారు నింపుకొనరు, ప్రక్కవారు నింపుదురు. పై అధికారి వంచి పోయునపుడు వలదనుట చిన్నవారికి కష్టము. ఊపిరి తీయక గ్లాసంతయు త్రాగుమని చుట్టును చేరి "ఇక్కి, ఇక్కి" యని అరచు వేడుక ఒకటి 1980 ప్రాంతముల విద్యార్థులలో వ్యాపించి, కొందరి ప్రాణములు తీసెను. ఇప్పుడు ఇట్టి బలవంతమును దౌర్జన్యముగానే ఎంచుచున్నారు. దానికి ప్రత్యేకముగా ఒక పేరు కూడ పెట్టినారు. తప్పించుకొనుటకు అక్కడివారే చెప్పిన ఉపాయము తేలికైనది: పాత్ర నిండుగా ఉంచుకొనవలెను. నిండిన పాత్రలో ఎవరును పోయరు. "కంపై!" అని అందరును గ్లాసులెత్తునపుడు తేనీటి గ్లాసెత్తినను మర్యాదకు లోటు లేదు.

చట్టము సంగతియు చెప్పవలెను. జపానులో యుక్తవయస్సు 2022 ఏప్రిల్‌లో 18 ఏండ్లకు తగ్గినను, మద్యమునకు 20 ఏండ్ల నియమము మారలేదు. త్రాగి వాహనము నడపినవానికే కాక, నడపునని ఎరిగియు మద్యమిచ్చినవానికిని, ఎరిగియు తన్నెక్కించుకొమ్మని కోరినవానికిని 2007 నుండి శిక్ష కలదు. 2024 నవంబరు నుండి సైకిలు త్రొక్కువారి విషయమునను నియమములు కఠినమైనవి. అందుచేత ఇజకాయాకు వచ్చినవారందరు రైలులోనో, నడచియో ఇల్లు చేరుదురు. మేము పోయిననాడు దుకాణము నిండ చుట్టపొగ కమ్మియుండెను. 2020 ఏప్రిల్ నుండి భోజనశాలలలో పొగ త్రాగుట చట్టముచే నిషేధింపబడినది. చిన్న దుకాణములకు కొన్ని మినహాయింపులు మాత్రము మిగిలియున్నవి.

చిన్న దుకాణముల గతి ఏమగునో యను చింత జపానులోనే కలదు. 1973 లో సప్పోరో నగరమున ఎనిమిది 'త్సుబో'ల, అనగా సుమారు 26 చదరపు మీటర్ల, దుకాణముగా మొదలైన 'త్సుబొహాచి' దేశమంతటను శాఖలు పెట్టెను. ఎనిమిది త్సుబోలని ఆ పేరునకర్థము. అటుపిమ్మట అట్టి సంస్థలెన్నో వచ్చినవి. ధరలు చవుక, వెలుతురు ఎక్కువ, ఆడవారును కుటుంబములును జంకులేక పోవచ్చును. ఇవి కాదనరాని గుణములు. నేడు అనేక చోట్ల బల్లమీది పలకపై వ్రేలితో నొక్కినచో పదార్థము వచ్చును. దషి వలదని ఆ పలకతో చెప్పుటకు మాత్రము మీట ఉండదు.

తరువాత మహమ్మారి వచ్చెను. 2020 ఏప్రిల్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించి రాత్రి దుకాణములను తొందరగా మూయుమని కోరిరి. 2021 ఏప్రిల్ 25 నుండి తోక్యోలో మద్యమిచ్చు భోజనశాలలను మూసియే యుంచుమని కోరిరి. సడలింపులు, తిరిగి కట్టుబాట్లు అయి, ఆ సంవత్సరము అక్టోబరునకు గాని పూర్వస్థితి రాలేదు. ప్రభుత్వము కొంత సహకారధనమిచ్చెను. మా మేనల్లుని పేటలోని యజమాని మధ్యాహ్నము పెట్టెభోజనములు కట్టి అమ్మెను. వానిలో ఒకటి దషి లేకుండ వేరుగా కట్టి, మూతపై మేనల్లుని పేరు జపాను లిపిలో వ్రాసి ఉంచెడివాడట. అదే సందులో మరి రెండు లాంతరులు ఆ కాలముననే ఆరిపోయినవి.

ఇప్పుడతనికి డెబ్బది దాటినవి. కుమారుడు నగోయాలో ఒక కర్మాగారమున ఉద్యోగి. అతనికి కుంపటి ముందు నిలబడు ఉద్దేశము లేదు. తల్లిదండ్రులును అతనిని నిర్బంధించుట లేదట. దుకాణము వారమునకు నాలుగు దినములే తెరచుచున్నారు. నోరెన్ రాత్రి పది గంటలకే లోపలికి పోవుచున్నది. శుక్రవారము ఆ నాలుగింటిలో ఒకటి.

ఉత్తరము వ్రాసిన తల్లికి చివరగా ఒక సూచన. జపాను కాలము మనకంటె మూడున్నర గంటలు ముందు. మనకు సాయంకాలము 5 గంటలకు అక్కడ రాత్రి 8.30, అది కుంపటి మండుచు, కుర్చీలు నిండియున్న వేళ. అప్పుడు ఫోను చేసినచో అతడు తరువాత మాట్లాడుదుననుట సహజము. మనకు 7.30 అయినపుడు అక్కడ 11 గంటలగును. ఆ వేళకు అతడు గదికి చేరియుండును. అప్పుడు చేసి, ఏమి తిన్నావని అడుగవచ్చును.